చూసుకుంటాంలే అనే మనిషి

తుయిరె వైనిక్కా జీవితంలో ఆడిన అబద్ధం ఒక్కటే. కాకపోతే దాన్ని దాదాపు అరవై ఏళ్లపాటు, అడిగిన ప్రతి మనిషితోనూ ఆడింది. "ఎలా, కుదురుతుందా?" అని ఎవరడిగినా "చూసుకుంటాంలే" అనేది. కుదిరినప్పుడూ అదే మాట, కుదరనప్పుడూ అదే మాట. మా హర్యుల ఊళ్లో ఈ మాట అననివాళ్లు ఎవరున్నారు గనక? ఆమెనొక్కదాన్నీ తప్పుపట్టడం న్యాయం కాదు. కానీ ఆమె అన్నందుకు ఒక పిల్లల కేంద్రం మూతపడింది కాబట్టి ఈ కథ ఆమె పేరుతోనే చెప్పాల్సి వస్తోంది.

ఆ మాట ఆమె నోటికి ఆరేళ్ల వయసులో అలవాటైంది. తొమ్మిదిమంది పిల్లల ఇంట్లో ఏడోది. బడికి మూడు కిలోమీటర్ల నడక. ఒక జనవరి పొద్దున దారిలో ఎడమ కాలి బూటు మంచులో కూరుకుపోయి ఊడిపోయింది. ఎంత తవ్వినా దొరకలేదు. ఒట్టి మేజోడుతో మిగతా దారంతా నడిచింది. టీచరు చూసి గాభరాపడి, "ఇంటికి కబురు పెట్టనా?" అంటే, "వద్దు, చూసుకుంటా" అంది. సాయంత్రానికి చిటికెన వేలు నల్లబడింది. కొన్ని రోజులు చూసి డాక్టరు దాన్ని తీసేశాడు. ఇంట్లో ఎవరూ కోప్పడలేదు. పైగా తల్లి పెద్దవాళ్ల కప్పులో కాఫీ పోసి ఇచ్చి, పొరుగింటివాళ్లు వింటుండగా, "మా తుయిరె ఎవరికీ భారం కాదు" అంది. ఆవిడ నోటి వెంట మెచ్చుకోలు రావడం తుయిరె వినడం అదే మొదలు, అదే ఆఖరు. పోయిన వేలి గురించి ఆమె ఎప్పుడూ బాధపడలేదు. ఆ కప్పు మీద నీలం గీత ఉండేదని మాత్రం ఇప్పటికీ చెబుతుంది.

ఊళ్లో ప్లైవుడ్ మిల్లు మూడు షిఫ్టులు నడుస్తున్న రోజుల్లో పిహ్లాయ అనే ఆ కేంద్రం తెరిచారు. ముంగిట్లో ఎర్రపళ్ల పిహ్లాయ చెట్టు ఉండేది, ఆ పేరే పెట్టేశారు. పిల్లల్ని చూసుకునే మామూలు కేంద్రాలు ఏడింటికి తెరిచి ఐదింటికి తాళం వేస్తాయి. మిల్లులో పనిచేసే తల్లికి అది ఏ మూలకి? పిహ్లాయ మాత్రం కన్నవాళ్ల షిఫ్టును బట్టి నడిచేది. పై వారం షిఫ్టుల కాగితం శుక్రవారానికల్లా తెచ్చి ఇస్తే చాలు. ఒకడు తెల్లవారుజామున నిద్రకళ్లతో వస్తాడు, ఒకతె మధ్యాహ్నం వచ్చి నిద్రవేళ దాకా ఉంటుంది, ఇంకొకడు అక్కడే పడుకుని పొద్దున్నే జావ తాగి ఇంటికి పోతాడు. తుయిరె ఇరవై ఆరేళ్లప్పుడు ఆయాగా చేరింది. పదేళ్లు తిరిగేసరికి కేంద్రం ఆమె చేతికొచ్చింది.

ఆమె రాజ్యమంతా నడవలో ఉండేది. మా దగ్గర పిల్లల్ని బయట ఆడుకోవడానికి పంపాలంటే ఒక్కొక్కరికి ఉన్ని మేజోళ్లు, ఉన్ని ప్యాంటు, పైనుంచి కింద దాకా మంచుసూటు, బూట్లు, టోపీ, చేతి తొడుగులు. పదిమందికి తొడిగేసరికి మొదటివాడికి ఒంటికి వస్తుంది. అందుకని వేరే చోట్ల పెద్దవాళ్లే చకచకా తొడిగి తోలేస్తారు. తుయిరె తొడగదు. పొట్టి బల్ల మీద కూచుని, చేతులు ఒళ్లో పెట్టుకుని, "చూసుకుంటావా?" అని అడుగుతుంది. పిల్లవాడు "చూసుకుంటా" అన్నాడంటే ఇక ఆమె వేలు కదపదు, ఎంతసేపైనా సరే. యార్నో అని ఒకడుండేవాడు, మిల్లులో జిగురు పట్టించే ఆవిడ కొడుకు. నాలుగేళ్లప్పుడు ఒకరోజు జిప్పుతో ఇరవై నిమిషాలు కుస్తీ పట్టాడు. ముక్కు కారింది, చెవులు ఎర్రబడ్డాయి, కళ్లలో నీళ్లు తిరిగాయి, సాయం మాత్రం అడగలేదు. జిప్పు గడ్డం దాకా వచ్చాక తుయిరె చప్పట్లు కొట్టి, "చూడండర్రా, వీడు ఎవరికీ భారం కాడు" అంది. వాడి మొహం వెలిగిపోయింది. ఆ మాట ఎక్కణ్ణుంచి తెచ్చిందో ఆమెకు అప్పుడు తట్టలేదు.

మిల్లు ముందు ఒక షిఫ్టు తగ్గించింది, తర్వాత ఇంకొకటి, ఆఖరికి తలుపులే వేసేసింది. అయినా ఊళ్లో షిఫ్టులు పోలేదు. వృద్ధాశ్రమంలో నర్సులు, పాల ట్యాంకరు నడిపేవాళ్లు, రోడ్డు మీద మంచు తోసేవాళ్లు, పెట్రోలు బంకులో పనివాళ్లు, వీళ్ల పిల్లలు పిహ్లాయకి వచ్చేవారు. అరవైమంది కాస్తా ముప్పై అయ్యారు, ముప్పై పదిహేనయ్యారు. దానికితోడు మునిసిపాలిటీ కోతలు. కోత పెట్టే ముందు ఆఫీసు నుంచి ఎవరో ఒకరు వచ్చి మర్యాదగా అడిగేవారు, అది మాత్రం ఒప్పుకోవాలి. కాఫీ తాగి, ఏలకుల బన్ను తిని, గొంతు సవరించుకునేవారు.

"వంటమనిషిని తీసేసి, పెద్ద వంటశాల నుంచి డబ్బాల్లో భోజనం పంపితే కుదురుతుందా?"

"చూసుకుంటాంలే."

రెండేళ్లకి, "శుభ్రం చేసే ఆవిడ రోజు విడిచి రోజు వస్తే?"

"చూసుకుంటాంలే."

ఇంకో రెండేళ్లకి, "రాత్రి పడకలు ఎత్తేస్తే?"

అప్పుడూ అదే మాట. ఆ తర్వాత నేల తనే తుడిచింది. పరుపు గలీబులు ఆదివారాలు ఇంటికి పట్టుకుపోయి ఉతికింది. రాత్రి డ్యూటీ పడ్డ నర్సుల పిల్లలు ఇద్దరు ఒక చలికాలమంతా ఆమె ఇంట్లోనే పడుకున్నారు. అడిగి వెళ్లినవాళ్లు ఆఫీసులో కూచుని, పిహ్లాయలో ఇబ్బందేమీ లేదట అని రాసుకున్నారు. వాళ్లనేం అనగలం? ఉన్నమాటే రాశారు.

ఆమెతో పనిచేసిన కైసుకి మాత్రం ఒళ్లు మండిపోయేది. కైసు సముద్రతీరం నుంచి మా ఊరి కోడలై వచ్చింది. అక్కడివాళ్లు కాస్త నోరున్నవాళ్లు.

"నీ సమాధి రాయి మీద కూడా అదే చెక్కిస్తా చూడు," అనేది. "దెయ్యం వచ్చి నీ కాళ్లు రెండూ పట్టుకుపోతానన్నా, దానికి కాఫీ పోసి, చూసుకుంటాంలే అంటావు."

"ఒక వేలు ముందే పంపించాగా, దానికీ బరువు తక్కువ," అనేది తుయిరె.

కిందటేడు ఫిబ్రవరికి పిహ్లాయలో పదకొండు ఇళ్ల పిల్లలు మిగిలారు, ఇంటికొకరు. ఆ నెలలోనే మునిసిపాలిటీ చదువుల అధికారి రీక్కా వచ్చింది. కొత్తగా వచ్చిన పిల్ల, ముప్పై ఐదు దాటి ఉండవు, కల్లాకపటం తెలియని మనిషి. ఈ కథలో చెడ్డవాళ్లు కావాలనుకుంటే ఆమెను చెడ్డది చేయడం తేలిక. కానీ ఆమె చేసిందేమీ లేదు. బన్ను కూడా ముట్టుకోకుండా సంచీలోంచి కాగితాల కట్ట తీసి బల్ల మీద పెట్టింది.

"తుయిరె, ఇది మూసేద్దామని కౌన్సిల్లో సగంమంది అంటున్నారు. ఈ కాగితం ఇంటింటికీ ఒకటి ఇవ్వు. అడిగేది ఒకటే, పిహ్లాయ లేకపోతే మీ బిడ్డ సంగతి మీరు వేరేలా చూసుకోగలరా లేదా అని. పదకొండులో ఆరుగురు చూసుకోలేమని పెడితే నేను పోట్లాడతాను. మూసే ధైర్యం ఎవరికీ ఉండదు. పెట్టకపోతే నా చేతుల్లో ఏమీ ఉండదు. ఉన్నది ఉన్నట్టు రాయమని చెప్పు. చెబుతావుగా?"

"చెబుతా," అంది తుయిరె. అప్పుడు మనస్ఫూర్తిగానే అంది. ఆరుగురంటే ఎంత? పదకొండుకి పదకొండు ఇళ్లూ గండం మీద నడుస్తున్నవే అని ఆమెకు తెలుసు.

యార్నో ఆ సాయంత్రం నాలుగింటికి కూతురు వెన్లా కోసం వచ్చాడు. ముప్పై ఎనిమిదేళ్లవాడు ఇప్పుడు, పాల ట్యాంకరు డ్రైవరు. తెల్లవారకముందే బండెక్కి, పాడి ఇళ్లన్నీ తిరిగి పాలు పోయించుకుంటాడు. భార్య రెండేళ్ల కిందట వెళ్లిపోయి వేరే ఊళ్లో వేరే కాపురం పెట్టుకుంది. తల్లి పోయింది. నాలుగేళ్ల వెన్లా, ట్యాంకరు, పిహ్లాయ, అంతే అతని లోకం. కాగితం చదివి నడవలో నిలబడిపోయాడు.

"అత్తా, ఇదేం పెట్టమంటావ్?" ఇప్పటి పిల్లలు తుయిరెని పేరు పెట్టే పిలుస్తారు. పాతవాళ్లు మాత్రం గడ్డాలు నెరిసినా అత్తా అనే అంటారు.

"ఉన్నది ఉన్నట్టు పెట్టు."

"ఉన్నదేంటంటే, ఇది మూసేస్తే నేను అయిపోయాను." అని నవ్వాడు. "నాలుగున్నరకి బండి తియ్యాలి. ఆ వేళకి పిల్లని ఎవరి గుమ్మంలో దింపను?"

"మరి ఆ గడిలోనే గీత పెట్టు."

"పెడితే? 'నా కూతుర్ని నేను చూసుకోలేను' అని సంతకం చేసి ఇచ్చినట్టేగా. రేపింకో ఆఫీసావిడ ఫైలు పట్టుకుని తయారవుతుంది. ఏం నాయనా, చూసుకోలేవటగా, పిల్లని మేం తీసుకుపోతాం అని."

"అలా ఎవరూ రారురా. దానికీ దీనికీ సంబంధం లేదు."

"నువ్వైతే ఏం పెడతావ్ అత్తా? నా స్థానంలో ఉంటే?"

తుయిరె నోరు తెరిచింది. ఒకరి కాగితంలో ఏం రాయాలో ఇంకొకరు చెప్పడం మా దగ్గర లేదు. ఓటు చీటీలోకి తొంగిచూసినంత తప్పుగా ఉంటుంది. పోనీ ఆ సంకోచం పక్కన పెట్టినా, ఆమె అయితే ఏం పెట్టేదో ఆమెకి బాగా తెలుసు, యార్నోకీ తెలుసు. అంతలో వెన్లా మంచుసూటు జిప్పుని గడ్డం దాకా లాగి, "నేనే చూసుకున్నా!" అని అరిచింది.

"శభాష్," అంది తుయిరె, అలవాటు కొద్దీ.

యార్నో కూతురి వంక చూశాడు. తర్వాత జేబులోంచి పెన్ను తీసి, కాగితాన్ని గోడకి ఆనించి, 'చూసుకోగలను' అన్న గడిలో గీత పెట్టి, కిటికీలో ఉన్న బూట్ల అట్టపెట్టెలో వేశాడు. తుయిరె అంతా చూస్తూనే ఉంది. ఆగరా అని ఒక్క మాట అంటే సరిపోయేది. అనలేదు.

మర్నాడు రోవెనా వచ్చింది. ఆమెది ఫిలిప్పీన్స్, వృద్ధాశ్రమంలో నర్సు, మా భాష నేర్చుకుని మూడేళ్లే అయింది.

"తుయిరె, వీళ్లు నిజంగానే అడుగుతున్నారా, మర్యాద కోసమా?"

"నిజంగానే."

"అయితే రాస్తా," అని పొట్టి బల్ల మీద కూచుని గడిలో 'చూసుకోలేను' అని గీత పెట్టడమే కాకుండా, కాగితం తిప్పి వెనకంతా నింపింది. తన షిఫ్టులు, భర్త లేకపోవడం, బస్సు లేకపోవడం, కొడుకు ఉబ్బసం, అన్నీ. తుయిరెకి ఆమె తరఫున కాస్త సిగ్గేసింది. ఇన్ని చెప్పుకోవాలా మనిషి, అనిపించింది. సిగ్గుపడాల్సింది ఎవరి గురించో తుయిరెకి అప్పటికింకా తెలియదు.

సిబ్బందికీ ఒక కాగితం ఉంది. ఉన్న మనుషులతో పని జరుగుతోందా అని. కైసు 'లేదు' అని ఎర్ర పెన్నుతో రెండుసార్లు దిద్దింది. తుయిరె 'జరుగుతోంది' అని పెట్టి కాగితం మడుస్తుంటే కైసు లాక్కుని చూసింది.

"జరుగుతోందా? రాత్రి మోకాళ్లకి మందు రాసుకుని పడుకునేది ఎవరు? నేనా?"

"పని జరుగుతోందా అనడిగారు. మోకాళ్ల సంగతి అడగలేదు."

మార్చిలో ఒక గురువారం సాయంత్రం ఐదింటికి బడి భోజనశాలలో సభ పెట్టారు. కైసు తన కారులో తుయిరెని తీసుకెళ్లింది. దారి పొడుగునా పాఠం చెప్పించింది.

"అను. వీళ్లు చూసుకోలేరు."

"వీళ్లు చూసుకోలేరు."

"గట్టిగా."

"చూసుకోలేరు! చాలా?"

"నవ్వకుండా అను. నువ్వు నవ్వితే వాళ్లు బన్ను తింటారు."

భోజనశాల నిండిపోయింది. పిల్లల తల్లిదండ్రులే కాదు, ఊళ్లో పనీ పాటా లేనివాళ్లంతా వచ్చారు. పాల డెయిరీ మేనేజరు వచ్చాడు, యార్నోతో చిన్నప్పుడు హాకీ ఆడినవాళ్లు వచ్చారు, అతని మాజీ మామగారు కూడా వెనక వరసలో చేతులు కట్టుకుని కూచున్నాడు. అందరి ముందూ కాఫీ కప్పులున్నాయి. రీక్కా లేచి లెక్క చదివింది.

"చూసుకోగలమన్నవాళ్లు తొమ్మిది ఇళ్లు. చూసుకోలేమన్నవాళ్లు రెండు."

హాల్లో చిన్న కదలిక వచ్చింది. ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. ప్రతివాడూ, 'మనం ఎలాగోలా నెట్టుకొస్తాం, నిజంగా అవసరం ఉన్నవాళ్లు ఎలాగూ రాస్తారు' అనుకున్నాడు. ఆ నిజంగా అవసరం ఉన్నవాళ్లు ఎవరో ఎదుటివాళ్లని అందరూ నమ్మారు. తొమ్మిదిమందీ అలాగే నమ్మారు. నాకు ఈ ఊరంటే ప్రాణం, అయినా ఆ రోజు తలుచుకుంటే ఒక్కొక్కణ్ణీ పట్టుకుని కుదిపెయ్యాలనిపిస్తుంది.

రీక్కా వెంటనే కూచోలేదు. "ఇక్కడ మాట్లాడేదంతా రాసుకుంటాం. కాగితంలో ఒకటి పెట్టి మనసులో ఇంకొకటి ఉంటే ఇప్పుడైనా చెప్పండి. తప్పేం లేదు," అంది. అందరూ కాఫీలో చెంచాలు తిప్పుకుంటున్నారు. ఆమె ఇంకా కాసేపు చూసింది. తర్వాత ముందు వరసలోకి తిరిగింది.

"తుయిరె, ముప్పై ఎనిమిదేళ్లుగా ఈ ఇళ్లన్నీ నీకు తెలుసు. నువ్వు చెప్పు. వీళ్లు చూసుకోగలరా?"

తుయిరె లేచింది. పాఠం నోట్లోనే ఉంది. రెండు మాటలు, గట్టిగా, నవ్వకుండా. ఆమె కళ్లు యార్నో కోసం వెతికాయి. అతను కిటికీ పక్కన కూచున్నాడు. ఎడమ పక్కన డెయిరీ మేనేజరు, రెండు వరసల వెనక మామగారు. అతని చెవులు ఎర్రబడి ఉన్నాయి. తల పైకెత్తి ఆమెనే చూస్తున్నాడు. నాలుగేళ్లవాడు జిప్పు పట్టుకుని చూసిన చూపే అది, సాయం వద్దు అని. తను ఇప్పుడు చూసుకోలేరు అందంటే, వీడు తన కూతుర్ని పెంచుకోలేడు అని ఊరందరి ముందూ వేలు పెట్టి చూపించినట్టే.

"చూసుకుంటారు," అంది.

రీక్కా రెండు క్షణాలు ఆమెనే చూసి, తలదించుకుని రాసుకుంది. హాల్లో అందరూ ఒక్కసారిగా ఊపిరి వదిలారు. కొందరైతే చప్పట్లు కూడా కొట్టారు. పిహ్లాయ అక్కడితో సరి.

తిరుగు ప్రయాణంలో చెరువు మలుపు దగ్గర కైసు కారు పక్కకి ఆపింది.

"ఎన్నిసార్లు చెప్పించాను నీతో?"

"చాలాసార్లు."

"మరి?"

"అంతమంది ముందు వాణ్ణి చేతకానివాడంటే వాడు తలెత్తుకు తిరగగలడా?"

"ఒక సాయంత్రం సిగ్గుపడేవాడు. ఒక్క సాయంత్రం! మర్నాటికి అందరూ మరిచిపోయేవాళ్లు. ఇప్పుడేం చేస్తాడు? తలెత్తుకుని మరీ పిల్లని ఎక్కడ పడేస్తాడు?" కైసు ఏడుస్తోంది. "నువ్వు మంచిదానివి కాదు తుయిరె. మంచిదానివని అందరూ అనుకుంటారంతే. నువ్వు పిరికిదానివి."

అది నిజమేనని తుయిరెకి తెలుసు. ఆ రాత్రి నుంచి ఆమె ఆ మాటని మోసుకుని తిరుగుతూనే ఉంది.

ఈస్టరు లోపు కొత్త కాగితం ఇస్తే మార్చుకుంటామని రీక్కా ఫోను చేసి చెప్పింది. శనివారం మధ్యాహ్నం తుయిరె ఖాళీ కాగితం ఒకటి పట్టుకుని యార్నో ఇంటికి వెళ్లింది. జీవితంలో ఒకరి ఇంటికి ఇలాంటి పని మీద వెళ్లడం ఆమెకి అదే మొదటిసారి. అతను వాకిట్లో మంచు తీస్తున్నాడు. కాగితం చూసి పార గుచ్చి నిలబడ్డాడు.

"యార్నో, నేను తప్పు చెప్పానురా. నువ్వు ఒక్కడివే మారిస్తే చాలదు, తెలుసు. కానీ నువ్వు మారిస్తే మిగతావాళ్లూ మారుస్తారు. నేను ఇంటింటికీ తిరుగుతా."

"అంతమంది ముందు నువ్వే కదా అత్తా అన్నావు, చూసుకుంటారని."

"అన్నాను. తప్పన్నాను."

"ఇప్పుడు నేను వెళ్లి కుదరదు బాబోయ్ అంటే ఏమవుతుంది? నువ్వు అబద్ధాలకోరువి, నేను చేతకానివాణ్ణి. ఇద్దరి పరువూ ఒకేసారి పోతుంది." మెల్లిగా చెప్పాడు, కోపం లేదు. "నువ్వు అంతమందిలో నన్ను నిలబెట్టావు. అది నేను మరిచిపోను. దీన్ని పాడుచెయ్యకు."

"నిలబెట్టలేదురా. ముంచాను."

"కాఫీ తాగి వెళ్తావా?"

కాఫీ తాగి వచ్చేసింది. మిగతా ఇళ్లకి వెళ్లలేదు. ఆ ఖాళీ కాగితం ఇప్పటికీ ఆమె వంటింటి సొరుగులో ఉంది, నాలుగు మడతలు పెట్టి.

మే నెల ఆఖరి రోజున పిహ్లాయ మూసేశారు. మూసే ముందు మంచుసూట్లు ఆరబెట్టే బీరువాని బడికి పట్టుకుపోయారు, పసివాళ్లు మధ్యాహ్నం బయట నిద్రపోయే తోపుడు బండ్లని ఎవరో చర్చికి తీసుకుపోయారు. నడవలో ఒక్కో కొక్కెం మీద ఒక్కో పిల్లకి ఒక్కో బొమ్మ పలక ఉండేది. తుయిరె వాటిని ఒక్కొక్కటీ ఊడబీకి ఎవరిది వాళ్లకి ఇచ్చింది. వెన్లాది ముళ్లపంది. రోవెనా కొడుకుది ఓడ. చూసుకోలేమని పెట్టిన ఇళ్లకి మాత్రం మునిసిపాలిటీ ఏర్పాటు చేయాల్సి వచ్చింది. పక్క పట్నంలో ఇలాంటి కేంద్రమే ఉంది, రోవెనా కొడుకుని రోజూ తీసుకెళ్లి తీసుకురావడానికి టాక్సీ పెట్టారు. అది విన్నప్పుడు యార్నో, "మంచిదే, పాపం వాళ్లకి ఇక్కడ ఎవరూ లేరుగా," అన్నాడు. తనకీ ఎవరూ లేరని అతనికి గుర్తురాలేదో, గుర్తొచ్చినా అనలేదో.

కైసు తిరిగి సముద్రపు ఊరికి వెళ్లిపోయింది. పండగలకి కార్డు పంపుతుంది, పేరు తప్ప ఏమీ రాయదు. తుయిరెకి అరవై నాలుగు నిండాయి, పెన్షను వచ్చింది. పొద్దున్నే లేచే అలవాటు మాత్రం పోలేదు. లేచి ఏం చెయ్యాలో తెలియక పెట్రోలు బంకు దాకా నడిచి, అక్కడ కాఫీ తాగి వస్తుంది.

నవంబరులో ఒక పొద్దున, ఆరున్నర అయి ఉంటుంది, బంకు ముందు పాల ట్యాంకరు ఆగి ఉంది. యార్నో లోపల కాఫీ పోసుకుంటున్నాడు. తుయిరె పక్కనుంచి పోతూ ఎందుకో తలెత్తి చూసింది. డ్రైవరు పక్క సీట్లో, బెల్టు కింద, ఎర్ర మంచుసూటు. టోపీ కళ్ల మీదికి జారి, నోరు తెరుచుకుని వెన్లా నిద్రపోతోంది. ఒళ్లో ముళ్లపంది పలక ఉంది.

యార్నో బయటికి వచ్చాడు. ఆమెని చూసి ఒక్క క్షణం తడబడ్డాడు.

"రోజూనా?" అంది తుయిరె.

"ఏడింటికి మామూలు కేంద్రం తెరుస్తారుగా, దారిలోనే. అప్పుడు దింపేస్తా. రెండున్నర గంటలేగా, నిద్రపోతుంది." గొంతు తగ్గించాడు. "కంపెనీవాళ్లకి చెప్పకు. బండిలో ఎవరినీ ఎక్కించుకోకూడదు. తెలిస్తే ఉద్యోగం పోతుంది."

"నా దగ్గర దింపు. నాలుగింటికైనా సరే, మూడింటికైనా సరే. నేను మెలకువగానే ఉంటా. బతిమాలుతున్నానురా, యార్నో." బతిమాలుతున్నాను అన్న మాట ఆమె నోట ఎవరూ వినలేదు ఎప్పుడూ.

"ముప్పై ఎనిమిదేళ్లు చేశావు, చాల్లే అత్తా. ఇంకా నీ నెత్తిన ఎక్కనా?" నవ్వుతూ తలుపు తీశాడు. "మేం చూసుకుంటాంలే."

తలుపు చప్పుడుకి వెన్లా లేచింది. చలిగాలి లోపలికి కొట్టింది. మంచుసూటు జిప్పు పొట్ట దాకా తెరుచుకుపోయి ఉంది. తుయిరెకి ఇంకేమీ తోచలేదు. మెట్టు మీద కాలు పెట్టి చెయ్యి చాచింది.

"ఇటు రా బంగారం, జిప్పు పెడతాను."

పిల్ల సీట్లో వెనక్కి జరిగింది. "వద్దు. నేనే చూసుకుంటా."

చలికి చిన్న వేళ్లు వంగడం లేదు. జిప్పు పట్టు దొరక్క జారింది, మళ్లీ పట్టుకుంది, మళ్లీ జారింది. ముక్కు కారుతోంది. తుయిరె చాచిన చెయ్యి అలాగే ఉంది, దాన్ని ఏం చెయ్యాలో ఆమెకి తెలియలేదు. యార్నో కాఫీ కప్పు పట్టుకుని, కూతురి వంక మురిపెంగా చూస్తున్నాడు.

"చూశావా అత్తా," అన్నాడు. "ఎవరికీ భారం కాదు."